వేరే కంపెనీ లెన్స్ కొనొచ్చా?

ప్రశ్న: నా దగ్గర సోనీ ఏ6400, దాంతో వచ్చిన 16-50 కిట్ లెన్స్ ఉన్నాయి. హాల్లో మా పాప డాన్స్ తీస్తే ఫొటోలన్నీ అలికేసినట్టు వస్తున్నాయి. కోఠి గుజరాతీ గల్లీలో సిగ్మా 30 ఎం.ఎం. ఎఫ్1.4 చూపించారు. వేరే కంపెనీ లెన్స్ పెడితే కెమెరా పాడవుతుందని మా తమ్ముడు అంటున్నాడు. కొనొచ్చా?
- ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కెమెరాకి ఏమీ కాదండీ. ఈ-మౌంట్ (మీ కెమెరాకి లెన్స్ బిగించే చోటు) వివరాలను సోనీయే 2011లో బయటి కంపెనీలకు ఇచ్చింది, మీ కెమెరాలో కంటిని వెతికి పట్టుకునే ఫోకస్ కూడా ఈ లెన్స్‌తో పనిచేస్తుంది. కిట్ లెన్స్‌ని 50 దాకా జూమ్ చేస్తే ఎఫ్5.6 దగ్గర ఆగిపోతుంది (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది), ఎఫ్1.4 అంటే దానికి 16 రెట్లు వెలుతురు, కాబట్టి షట్టర్ వేగం పెంచి పాప కదలిక అలికిపోకుండా తీయొచ్చు.

అయితే మీరు కూర్చునేది ఎన్నో వరుసలో? ముందు వరుస అయితే సరే, వెనకైతే 30లో పాప వేలెడంతే కనిపిస్తుంది, అప్పుడు ఇంకా దగ్గరగా చూపించే సిగ్మా 56 ఎం.ఎం. చూడండి. కొనేముందు కిట్ లెన్స్‌ని 30 దగ్గర పెట్టి ఒక ప్రోగ్రామ్ మొత్తం తీసి చూస్తే తెలిసిపోతుంది. ఇంకోటి, ఈ సిగ్మాలో వణుకు తగ్గించే ఏర్పాటు లేదు, మీ కెమెరా బాడీలోనూ లేదు. డాన్స్‌కి ఎలాగూ షట్టర్ వేగం సెకనులో 1/250 వంతు కంటే నెమ్మదిగా పెట్టకండి, చేత్తో పట్టుకుని తీసే వీడియోలు మాత్రం ఊగుతాయి.

అన్నిటికంటే ముఖ్యం, మీ చేతికొచ్చిన ఆ ఒక్క లెన్స్‌ని పరీక్షించడం. రివ్యూలో బాగున్నది వాళ్ల చేతిలోని లెన్స్. నేను కొన్న ఒక లెన్స్‌లో కుడివైపు కింది మూల ఎప్పుడూ మసకగా వచ్చేది, నా చెయ్యి కదిలిందేమో అనుకుంటూ మూడు నెలలు గడిపేశాను, అప్పటికి వాపసు గడువు అయిపోయింది. ఆ బాధ మీకొద్దు. గోడకి నాలుగు న్యూస్‌పేపర్లు అతికించి, కెమెరాని ట్రైపాడ్ మీద గోడకి సరిగ్గా ఎదురుగా పెట్టి, 2 సెకన్ల టైమర్‌తో ఎఫ్1.4లో ఒకటి, ఎఫ్4లో ఒకటి తీసి, నాలుగు మూలల్లో అక్షరాలు పెద్దవి చేసి చూడండి. ఎఫ్1.4లో నాలుగూ ఒకేలా కాస్త మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ తీరు, పర్వాలేదు. ఎఫ్4లో కూడా ఒక్క మూలే మసకబారితే లోపల అద్దం పక్కకి జరిగినట్టే, మార్చమనండి. తర్వాత సాయంత్రం ఇంట్లో పాపని మీవైపు నడిపించి ఓ ఇరవై తీసి, ఎన్నిట్లో కన్ను స్పష్టంగా ఉందో లెక్కపెట్టండి.

వాపసుకి ఎన్ని రోజులు గడువో బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.