కషాయం తాగించండి, ఆయింట్‌మెంట్ మాత్రం పారేయకండి

కొరియాలో సువాన్‌లో ఉంటున్నాం, బాబుకి ఎగ్జిమా, కొరియా మూలికా మందు వాడొచ్చా అని అడిగారు. వాడొచ్చు. మా పాపకి వాడాం, దురద తగ్గింది. కానీ ఎవరి దగ్గర వాడుతున్నారన్నది చాలా ముఖ్యం.

మేమూ ఆ ఊళ్లోనే ఉండేవాళ్లం. అక్కడి చలికాలం మీకు తెలిసిందే. బయట మైనస్ పది, లోపల ఒందోల్ వేడి, అంటే నేల కింద నుంచి వచ్చే వేడి, గాలిలో తడి అన్నదే ఉండదు. పాప మోచేతి మడతలు రాత్రంతా గీరుకునేది, పొద్దునకి దుప్పటి మీద రక్తపు మరకలు. ఇండియా నుంచి ఫోన్లేమో వేపాకు రుబ్బి పెట్టమని, సున్నిపిండి రుద్దమని. పగిలిన చర్మం మీద సున్నిపిండి ఎలా రుద్దుతారండీ!

మా ఇంటి ఓనరు, పెద్దావిడ, తను వెళ్లే హనివన్‌కి, అంటే కొరియా సంప్రదాయ వైద్యం చేసే క్లినిక్‌కి, మమ్మల్ని తీసుకెళ్లింది. డాక్టరు రెండు చేతుల నాడీ చూశాడు, నాలుక చూశాడు, విరేచనం ఎలా అవుతోందో అడిగాడు. అంతవరకు మన ఆయుర్వేదం డాక్టరు దగ్గర కూర్చున్నట్టే ఉంది. తర్వాత పథ్యం చెప్పాడు: కోడిమాంసం, మైదా, పాలు బంద్. ఎదిగే పిల్లకి పాలు బంద్! ఆపైన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ ఈ రోజే మానేయమన్నాడు. మానేస్తే దద్దురు పెరుగుతుందట, దాన్ని మ్యంగ్‌హ్యన్ అంటారట, లోపలి విషం బయటికి పోతున్నట్టట. "ఎంత పెరిగితే మందు పనిచేయలేదని ఒప్పుకుంటారు?" అని నాకొచ్చిన కొరియన్‌లో అడిగాను. దానికి జవాబు చెప్పకుండా 1613లో అచ్చయిన తొంగుయిబొగామ్ అనే పాత కొరియా వైద్య గ్రంథం గురించి మొదలుపెట్టాడు. ఓనరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపుతున్నా సరే, పాపకి కోటు తొడిగి లేచి వచ్చేశాను.

తర్వాత వెళ్లిన ఇంకో హనివన్‌లో డాక్టరమ్మ ఆయింట్‌మెంట్ చర్మం డాక్టరు చెప్పినట్టే రాయమంది. లివర్‌కి రక్తపరీక్ష చేయించాకే కషాయం ఇచ్చింది, మధ్యలో మళ్లీ చేయించమంది. అతిమధురం ఉందన్నారు కానీ వాసనకే పాప ముఖం తిప్పేసేది. ప్యాకెట్ వేడినీళ్లలో పెట్టి, గోరువెచ్చగా తాగించి, చేతిలో చాక్లెట్ పెట్టేదాన్ని. కొన్నాళ్లకి నిద్రలో గీరుకోవడం తగ్గింది. ఎండలు వచ్చాయి కాబట్టి తగ్గిందని మా ఆయన వాదన. బయట ఇంకా మంచు పడుతుండగానే పిల్ల తెల్లారేదాకా పడుకుంది, పక్కన పడుకున్నది నేను. నా లెక్కలో అది కషాయం గుణమే.

ఖర్చుకి మాత్రం సిద్ధంగా ఉండండి. ఆక్యుపంక్చర్ సూదులు పొడిపించుకుంటే ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఇస్తుంది, ఎగ్జిమా కషాయానికి ఇవ్వదు. పిల్లలు దురదతో ఏడుస్తుంటే ఇదేం న్యాయమో! ఇంకో బాధ, అక్కడ హనివన్ డాక్టర్ల చదువు వేరు, లైసెన్సు వేరు, స్టెరాయిడ్ మందు వాళ్లు రాసివ్వకూడదు. ఈ డాక్టరు ఇచ్చింది ఆ డాక్టరుకి చెప్పే పని తల్లిదే. అందుకే కషాయంలో ఏమేం వేశారో కాగితం మీద రాయించుకుని చర్మం డాక్టరుకి చూపించండి. సియోల్‌లో జెగిదొంగ్ మార్కెట్‌లో మూలికలు తూకానికి దొరుకుతాయి, ఎవరో చెప్పారని అక్కడ కొని పిల్లాడికి కాచి పోయకండి.

బాబు వయసు రాయలేదు మీరు. మరీ పసివాడైతే ముందు చర్మం డాక్టరుకే చూపించండి, కషాయం సంగతి తర్వాత.