టీ స్కోరు ప్లస్‌లో ఉంటే ఎముకలు గట్టివేనా?

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. మా నాయనకు 68 ఏండ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఏడాదిగా మూడు నెలలకోసారి హార్మోన్ ఇంజెక్షన్ వేయిస్తున్నం. ఈమధ్య నడుము నొప్పి అంటున్నడు. డెక్సా స్కాన్‌లో వెన్నుపూస టీ స్కోరు ప్లస్ 2.1 వచ్చింది. బొక్కలు గట్టిగనే ఉన్నయి, క్యాల్షియం గోలీలు ఎందుకని చుట్టాలు అంటున్నరు. నిజమేనా?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: ఆ ప్లస్ 2.1ని నమ్ముకోకండి. డెక్సా అంటే ఎముక సాంద్రతను కొలిచే స్కాన్, టీ స్కోరు ఆ సాంద్రతను ఆరోగ్యంగా ఉన్న యువతతో పోల్చి చెప్పే అంకె. మీ వైపు ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగినవాళ్ల ఎముకల్లో ఫ్లోరైడ్ పేరుకుపోయి ఉండవచ్చు. అలాంటి ఎముక స్కాన్‌లో దట్టంగా కనిపిస్తుంది గానీ లోపల పెళుసు. వయసుతో వెన్నుపూసల అంచున పెరిగే ముళ్లు కూడా ఆ అంకెను పెంచుతాయి. తుంటి, ముంజేయి కొలతలు కూడా తీయించండి. ఫ్లోరైడ్‌తో వెన్నులో సాంద్రత పెరిగినా ముంజేతిలో తగ్గవచ్చు.

ఇంజెక్షన్ చేసే పని టెస్టోస్టిరాన్‌ను అడుగంటించడం. మగవాళ్లలో ఈస్ట్రోజెన్ తయారయ్యేది దాన్నుంచే, ఎముకను కాపాడేది ఎక్కువగా ఆ ఈస్ట్రోజెనే. అది పడిపోతే ఎముకను కరిగించే కణాలు జోరందుకుంటాయి. నష్టం మొదటి ఏడాదిలోనే ఎక్కువ. వృషణాలు తీసేసే ఆపరేషన్ అయినా ఇంతే.

ఇక నడుము నొప్పి. మాకు అసలు భయం ఇక్కడే. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకకు పాకితే ఎక్స్‌రేలో సాధారణంగా తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు, ఫ్లోరోసిస్, కూడా తెల్లగానే కనిపిస్తుంది. రక్తపరీక్షలో చూసే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ రెండిట్లోనూ పెరగవచ్చు. అందుకే ఎన్నేళ్లు బోరు నీళ్లు తాగారో క్యాన్సర్ డాక్టరుకు తప్పక చెప్పండి, హైదరాబాద్‌లో చూసేవారికి అది తట్టకపోవచ్చు. పీఎస్ఏ (ప్రోస్టేట్ రక్తపరీక్ష), ముంజేయి ఎక్స్‌రే చూడాలి. ఫ్లోరోసిస్‌లో ముంజేతి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తుంది. తేలకపోతే ఎంఆర్ఐ. రెండు జబ్బులూ ఒకే మనిషికి ఉండవచ్చు. 'మా ఊళ్లో నడుము నొప్పి అందరికీ ఉండేదే' అని వదిలేయకండి. కాళ్లు పట్టు తప్పినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా వెన్నుపాము నొక్కుకుపోతోందేమో అనుకొని ఆరోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

క్యాల్షియం కావాల్సిందే. తిండి, గోలీలు కలిపి రోజుకు 1000–1200 మిల్లీగ్రాములు, విటమిన్ డి 800–1000 యూనిట్లు. 100 గ్రాముల తైదల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు, అర లీటరు పాలు పెరుగుల్లో 600 దాకా ఉంటుంది. మిగతాదానికే గోలీ. క్యాల్షియం కార్బొనేట్ అయితే అన్నం తిన్నాక, ఒక్కసారికి 500 మించకుండా వేసుకోవాలి. థైరాయిడ్, ఐరన్ గోలీలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. 60,000 యూనిట్ల విటమిన్ డి వారానికోసారి వేసుకోమంటే రోజూ వేసుకునేవాళ్లున్నారు. అలా చేస్తే రక్తంలో క్యాల్షియం పెరిగిపోయి వాంతులు, మలబద్ధకం, మతిభ్రమ వస్తాయి. మూత్రపిండాల్లో రాళ్లుంటే డాక్టరును అడిగే మొదలుపెట్టండి.

తాగడానికి నల్లా కృష్ణా నీళ్లే వాడండి. బోరు నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

ప్రశ్న: డెనోసుమాబ్ 60 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ రెండుసార్లు వేయించుకున్నాను. ఇప్పుడు పన్ను పీకించాలి. ఇంజెక్షన్ మానేయనా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: మానేయకండి. డెనోసుమాబ్ ఎముక కరగడాన్ని ఆపే మందు. దీని ప్రభావం ఆరు నెలలకే తగ్గిపోతుంది, ఆపిన కొన్ని నెలల్లో వెన్నుపూసలు ఒకటికి నాలుగు విరిగినవాళ్లున్నారు. ఆపాల్సి వస్తే జోలెడ్రోనిక్ ఆమ్లం వంటి మరో మందుకు మారాలి. దవడ ఎముక చచ్చిపోయే ప్రమాదం ఈ మోతాదులో తక్కువే. ఎముకలకు పాకిన క్యాన్సర్‌కు నెలనెలా 120 మిల్లీగ్రాములు తీసుకునేవారిలో ఎక్కువ. ఇంజెక్షన్ సంగతి దంతవైద్యుడికి ముందే చెప్పండి. చీము, జ్వరం లేకపోతే తర్వాతి ఇంజెక్షన్ తేదీ దగ్గరపడ్డప్పుడు పీకించి, గాయం మానాక వేయించుకోండి. రెండు ఇంజెక్షన్ల మధ్య ఏడు నెలలు దాటనివ్వొద్దు. చీము ఉంటే మాత్రం పన్ను పీకించడానికి ఆగకండి. ప్రతి ఇంజెక్షన్‌కు ముందు రక్తంలో క్యాల్షియం చూడాలి. వేసుకున్న రెండు వారాల్లో మూతి చుట్టూ చిమచిమలాడినా, వేళ్లు కొంకర్లు పోయినా క్యాల్షియం పడిపోయి ఉండవచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.