డబ్బాలు పెంచకండి, బండి తిరిగే వేళ మార్చండి

"మా యూనివర్సిటీలో చెత్తడబ్బాలన్నీ పొంగిపోతున్నాయి. ఇంకొన్ని డబ్బాలు పెట్టించి, విద్యార్థుల్లో అవగాహన పెంచితే సరిపోతుందా?" అని అడిగారు. సరిపోదు. డబ్బాలు పెంచితే పొంగే డబ్బాలు పెరుగుతాయి, అంతే. మార్చాల్సింది బండి తిరిగే దారినీ వేళనీ. అది వదిలేసి అందరూ పోస్టర్ల మీద పడతారెందుకో!

హాస్టల్ కమిటీలో ఉన్నప్పుడు మేం కొందరం కలిసి, ఒక రోజు పోగయిన చెత్తంతా బండెక్కకముందే టార్పాలిన్ మీద పోయించి, విడదీసి తూచాం. వాసన సంగతి చెప్పను. బరువు చూస్తే సగానికి పైగా తిని వదిలేసిన తిండే. డబ్బాల్లో చోటంతా మింగేసింది మాత్రం అట్టపెట్టెలు, పార్సిల్ డబ్బాలు, ఖాళీ సీసాలు. వాటికి బరువెక్కడిది? ఆఫీసు లెక్కలేమో టన్నుల్లో. తూకం ఒక్కటే చూసేవాళ్లకి క్యాంటీన్ వెనక డబ్బా ఎందుకు పొంగుతోందో ఎలా తెలుస్తుంది?

పరిపాలనా భవనం ముందున్న డబ్బాల్లోంచి నాలుగు కాగితాలు, ఒక పేపర్ కప్పు రాలాయి. అక్కడికి బండి రోజుకి రెండుసార్లు వెళ్తుంది, పెద్దవాళ్లు ఉండే చోటు కదా. క్యాంటీన్ వెనక్కి మాత్రం పొద్దున్నే ఒక్కసారి. మధ్యాహ్నం భోజనాలయ్యాక పొంగింది మర్నాటి దాకా కుక్కల పాలు, ఈగల పాలు. ఇదేంటక్కా అని మాతో పాటు విడదీస్తున్న పారిశుద్ధ్య కార్మికురాలిని అడిగితే, "నిండిన చోటికి పొమ్మని మాకెవరు చెప్పారు బాబూ? కాయితంలో రాసిన చోటికి పోతాం" అంది. ఆ కాయితం తెప్పించి చూస్తే, అందులో కొత్త హాస్టల్ పేరే లేదు.

అంతకన్నా ఒళ్లు మండింది ఆ తర్వాత. పొద్దుట్నుంచీ విడదీసిన తడి చెత్త, పొడి చెత్త మా కళ్లముందే ఒకే బండిలో పడ్డాయి. బండి మధ్యలో అడ్డుపలక లేదు మరి. ఇది ఒక్కసారి చూసిన విద్యార్థి ఈ జన్మలో మళ్లీ విడదీయడు. పిల్లలకి బాధ్యత లేదని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ముందు ఆ పలక వేయించాలి. ఏడాదికోసారి చీపుర్లు పట్టుకుని ఫొటోలు దిగే కార్యక్రమం గురించి మాట్లాడను, మొదలుపెడితే ఆగను.

మీరు చేయాల్సిందల్లా, ఒక వారం పాటు చెత్త ఎత్తేవాళ్లనే ప్రతి డబ్బా దగ్గరా ఖాళీయా, సగమా, నిండిందా అని గుర్తు పెట్టమనండి. యాప్‌లూ సెన్సర్లూ తర్వాత చూసుకోవచ్చు. ఆ గుర్తుల్ని బట్టి దారి మళ్లీ గీయండి: క్యాంటీన్‌కి భోజనాలవగానే, తరగతి గదులకి సాయంత్రం, హాస్టళ్లకి పొద్దున. తడి డబ్బా, పొడి డబ్బా ఎప్పుడూ పక్కపక్కనే ఉండాలి. ఒంటరిగా పెట్టిన డబ్బాలో అన్నీ పడతాయి, రెండోదాని కోసం పది అడుగులు కూడా ఎవరూ నడవరు. చేత్తో తోయాల్సిన మూతలు పెట్టకండి. మురికి మూతని ముట్టుకోవడం ఇష్టంలేక పక్కన పెట్టేసి పోతారు.

ఇంకో విడ్డూరం. ఒకవైపు తడి చెత్త గుట్టలుగా కుళ్లి కంపు కొడుతుంటుంది, ఇంకోవైపు తోటపనివాళ్లు ఎండాకులు ఊడ్చి తగలబెడుతుంటారు. ఆ రెండూ కలిపితేనే కదా కంపోస్టు! తిండిలో నత్రజని ఎక్కువ, ఎండాకుల్లో కర్బనం ఎక్కువ. కర్బనం 25 నుంచి 30 పాళ్లు, నత్రజని ఒక పాలు ఉండేలా కలిపి, గాలి ఆడేలా తిరగేస్తుంటే గుట్ట లోపల 55 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, చాలావరకు రోగక్రిములు చస్తాయి. ఉత్త తిండిని గాలాడకుండా పోగుపెడితే వచ్చేది కంపు, మీథేన్.

ల్యాబుల్లో పగిలిన గాజు, రసాయనాల సీసాలు మాత్రం ఈ బండ్లకి అస్సలు ఎక్కించకండి. వాటి సంగతి ల్యాబ్ వాళ్లే విడిగా చూసుకోవాలి, లేకపోతే తెగేది ఆ అక్క చెయ్యి.

ఆఖరి పరీక్షల వారానికి అదనపు బండి నెల ముందే మాట్లాడి పెట్టుకోండి. గదులు ఖాళీ చేసేటప్పుడు పరుపులు, బకెట్లు, నోట్సులు అన్నీ ఒక్కసారే కిందికి దిగుతాయి, ఆ రోజు ఎన్ని డబ్బాలున్నా ఆగవు.