జాతి ద్వేషం ఉన్నవారిని స్నేహంతో మార్చవచ్చా?

మార్చవచ్చు, కాని మనం ఆశించినంత త్వరగా కాదు, ఆశించినంత పూర్తిగానూ కాదు. మా ఇంట్లోనే చూశాను.

విశాఖపట్నం పెదవాల్తేరులో మా పెదనాన్నగారికి మేడ ఇల్లుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మా విభాగంలోనే పరిశోధన చేస్తున్న ఇథియోపియా మిత్రుడికి పై వాటా అద్దెకు ఇమ్మని అడిగితే, ఆయన ముఖం చిట్లించి, "ఆ నల్లవాళ్లకిస్తే వీధిలో తలెత్తుకోలేనురా" అన్నారు. వర్ణవివక్ష తప్పని నేను గంటసేపు ఉపన్యసించినందుకు ఫలితం, ఆయన వారం రోజులు నాతో మాట్లాడకపోవడం. చివరకు పెద్దమ్మ మాట తీసేయలేక, రెండు నెలల అడ్వాన్సు అదనంగా తీసుకుని ఒప్పుకున్నారు. ఆ అదనం విషయంలో నేను నోరు మెదపలేదు. అది నా పిరికితనమే.

వాళ్లు ఏది పడితే అది తింటారన్నది పెదనాన్నగారి గట్టి నమ్మకం. ఒక శుక్రవారం పెద్దమ్మ పెరుగు పంపితే, అతను వినయంగా వద్దని, తమ ఆర్థడాక్స్ క్రైస్తవ ఆచారం ప్రకారం బుధ, శుక్రవారాలు ఉపవాసమని, ఆ రోజుల్లో మాంసమే కాదు, పాలు, పెరుగు, గుడ్లు కూడా ముట్టనని చెప్పాడు. ఏకాదశి తప్పని మా పెదనాన్నగారు చాలాసేపు ఏమీ అనలేదు. మర్నాటి నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. ఇథియోపియా సంవత్సరానికి 13 నెలలని, ఆఖరి నెలకు ఐదారు రోజులేనని విన్న రోజున, మన అధికమాసం లెక్క అతనికి వివరించేదాకా ఆయన అన్నానికి లేవలేదు. టెఫ్ అనే చిరుధాన్యం పిండి పులియబెట్టి పోసే ఇంజెరా అనే అట్టును రుచి చూసి, ఇది మన దోసెకు అన్నగారని తేల్చారు. పొద్దున్నే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపే వేళ ఇద్దరూ కలిసి నడకకు వెళ్లడం కూడా అలవాటైంది.

అమెరికాలో డారిల్ డేవిస్ అనే నల్లజాతి పియానో కళాకారుడు ఇంతకన్నా ఎన్నో రెట్లు కఠినమైన పని చేశారు. 1983లో మేరీలాండ్ రాష్ట్రంలోని ఫ్రెడరిక్‌లో తన వాయిద్యాన్ని మెచ్చుకున్న ఒక తెల్లజాతి మనిషి, నల్లవారిని ద్వేషించే తెల్లవారి సంస్థ అయిన కు క్లక్స్ క్లాన్ సభ్యుడని తెలిసినా ఆయన మాట తెంచుకోలేదు. తరువాత ఆ సంస్థ గురించి బాగా చదువుకుని, దాని నాయకులను కలిసి, తన గురించి ఏమీ తెలియకుండా ఎలా ద్వేషించగలుగుతున్నారని అడుగుతూ వచ్చారు. మేరీలాండ్ క్లాన్ నాయకుడు రోజర్ కెల్లీ ఏళ్ల పరిచయం తరువాత సంస్థను విడిచి, క్లాన్ సభ్యుడిగా వేసుకునే తన అంగీని డేవిస్‌కే ఇచ్చేశాడు. ముందు వినడమనే ఆ పద్ధతి నాకు తోచలేదు. పెదనాన్నగారి భయమేమిటో అడగకుండానే ఉపన్యాసం మొదలుపెట్టాను.

అయితే స్నేహానికి ఒక లొసుగుంది. మరుసటి ఏడాది కింది వాటా ఖాళీ అయి, నైజీరియా విద్యార్థి ఒకరు అడగడానికి వస్తే, "మనవాడి సంగతి వేరు, వీళ్ల సంగతి వేరు" అన్నారు పెదనాన్నగారు. మేడ మెట్లు దిగుతున్న మా మిత్రుడు విని, "నా గురించి కూడా ముందు అలాగే అన్నారు కదండీ" అన్నాడు, తనకు వచ్చిన తెలుగులో. ద్వేషం భరించేవాడే ప్రతిసారీ జవాబు చెప్పుకోవడం న్యాయం కాదని నాకు అప్పుడు తట్టింది. ఆ పని ఇంట్లోవాళ్లం మేము చేయవలసింది. పెదనాన్నగారు నాలుగు రోజులు ఆలోచించి వాటా ఇస్తామన్నారు, మళ్లీ అదనపు అడ్వాన్సుతోనే. ఈసారి ఆ మాట దగ్గర నేను ఊరుకోలేదు.