రంజాన్ నెలలో కువైట్, దుబాయ్ వెళ్తే మనలాంటివాళ్ళకి తిండికి ఇబ్బందా?

పాలకొల్లు నుంచి ఒకావిడ అడిగారు. కువైట్‌లో ఉన్న అన్నయ్యని చూసి, అటునుంచి దుబాయ్ తిరిగి రావడానికి అత్తగారితో సహా టికెట్లు తీసేసుకున్నారట. తీరా చూస్తే అవి రంజాన్ నెలలో పడ్డాయి. పగలు మంచినీళ్ళు తాగినా జైల్లో వేస్తారని ఎవరో భయపెట్టారు. అత్తగారికేమో షుగరు. టికెట్లు మార్చుకోవాలా అని ప్రశ్న.

మార్చకండి, డబ్బులు దండగ.

నాది రాజోలు దీవి. ఇప్పుడు కొబ్బరికాయల బేరం, అంబాజీపేట మార్కెట్‌కి లోడు ఎత్తిస్తుంటాను. దానికి ముందు కొన్నేళ్ళు కువైట్‌లో ఓ అరబీ ఇంట్లో డ్రైవరుగా చేశాను. నాలుగు రోజులు హోటల్లో దిగి ఇఫ్తార్ బఫే వీడియోలు పెట్టే కుర్రాళ్ళకంటే రంజాన్ గురించి నాకే ఎక్కువ తెలుసని నా గట్టి నమ్మకం.

జైలు మాట గాలివార్త కాదు. కువైట్‌లో 1968 నాటి 44వ నంబరు చట్టం ఒకటుంది. రంజాన్ పగటిపూట నలుగురిలో తిన్నా, తాగినా, సిగరెట్ కాల్చినా 100 దినార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు, లేదా రెండూ. నువ్వు ముస్లిమా, హిందువా అని అడగదు. 100 దినార్లంటే మన లెక్కలో 25 వేల పైమాటే. కార్లో అద్దాలెక్కించుకుని తాగుదాంలే అనుకోకండి, అదీ నలుగురిలో తాగినట్టే. అలాగని మీ అన్నయ్య ఇంట్లో తలుపేసుకుని ఆవకాయన్నం తింటే మాత్రం అడిగే నాథుడు లేడు. పగలు హోటళ్ళు మూసేసి ఉంటాయిగానీ జమియాలనే సహకార దుకాణాలు, వీధి చివర బక్కాలాలనే చిన్న కొట్లు తెరిచే ఉంటాయి. పాలు, బ్రెడ్డు, అరటిపళ్ళు అన్నీ దొరుకుతాయి. దుబాయ్ ఇంకా నయం. హోటళ్ళకి పగలు తెరలు కట్టాలన్న నిబంధన కూడా 2021లో ఎత్తేశారు.

ఇంకో అదృష్టం కూడా ఉంది మీకు. అది చంద్రుడి లెక్క నెల కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతూ ఉంటుంది. 2016లో జూన్‌లో వచ్చింది, నేనక్కడే ఉన్నాను. ఆ ఎండలో చుక్క నీళ్ళు లేకుండా రోడ్డు పని చేసినవాళ్ళని చూశాను. 2026కి ఫిబ్రవరిలోకి వచ్చేసింది. చలికాలం రంజాన్ అంటే పగలు చిన్నది, దాహం తక్కువ. వెళ్తే ఇప్పుడే వెళ్ళాలి.

తిండి సంగతి వదిలేసి నిద్ర సంగతి చూసుకోండి. ఆ నెల ఊరు రాత్రిపూట బతుకుతుంది. రాత్రి చేసే తరావీ నమాజు అయ్యాక అంగళ్ళు నిండుతాయి, ముబారకియా బజారులో అర్ధరాత్రి దాటాక కూడా పిల్లల్ని ఎత్తుకుని తిరుగుతుంటారు. నెల నడిమికి వచ్చేసరికి గర్గియాన్. పిల్లలు కొత్త బట్టలేసుకుని, మెడకి సంచులు తగిలించుకుని, పాటలు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు, పప్పులు పోయించుకుంటారు. నన్నడిగితే ఆ రెండు మూడు రాత్రుల కోసమైనా వెళ్ళొచ్చు. మీరు మన అలవాటు చొప్పున పొద్దున్నే లేచి ఊరు చూద్దామని బయల్దేరితే మాత్రం మూసిన షట్టర్లే కనిపిస్తాయి.

రెండోది, సాయంత్రం నాలుగున్నర నుంచి అజాన్ అయ్యేదాకా రోడ్డెక్కకండి. పొద్దుట్నుంచీ టీ, సిగరెట్ లేని మగవాళ్ళందరూ ఒకేసారి ఇంటికి బయల్దేరతారు. పోలీసుకంటే ఆ వేళ వెనకనుంచి లైట్లు కొట్టుకుంటూ వచ్చే పెద్ద బండికి భయపడాలి.

ఇక నేను చెప్పాలనుకున్న సంగతి. 2024 మార్చిది. ఆ ఏడు అక్కడ ఉపవాసాలు 11న మొదలయ్యాయి. నేను పనిచేసే అరబీ ఇంట్లో వంటచేసే అక్కది అల్లవరం వైపు, చర్చికెళ్ళే మనిషి. ఆ ఏడు ఈస్టరు మార్చి 31న. అంటే వీళ్ళ రంజానూ, ఈస్టరుకి ముందు అక్క వాళ్ళు ఉపవాసం ఉండే శ్రమదినాలూ ఒకదానిమీద ఒకటి వచ్చి పడ్డాయి. ఈ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.

అరబీ ఇంటి వంటగదిలో ముస్లిం కాని మనిషికి ఆ నెల ఒక హోదా వస్తుంది: ఉప్పు చూడ్డం. ఇంటిల్లిపాదీ ఉపవాసం కదా. మింగకుండా నాలిక్కి రాసుకుని ఉమ్మేస్తే తప్పు లేదని కొందరంటారు, మా మామా ఒప్పుకునేది కాదు. (ఇంటాయన్ని బాబా, ఇంటావిణ్ణి మామా అని పిలుస్తాం అక్కడ.) అందుకని ఇరవై ముప్పై మంది తినే వంటలో ఉప్పు సరిపోయిందో లేదో తేల్చేది అల్లవరం నాలిక. అక్క సరే అంటే సరే.

మట్టల ఆదివారం వెళ్ళాక ఒకటి రెండు రోజులకి అనుకుంటా. నాలుగు గంటలవేళ. పొయ్యి మీద హరీస్ గుండిగ. గోధుమలు రాత్రే నానేసి, మాంసంతో కలిపి పొద్దుట్నుంచీ ఉడికించి, పొడుగాటి కర్రతో మెదుపుతూనే ఉండాలి. వేలికి తగిలితే గోధుమా మాంసమా తెలియకూడదు. అక్క మెడ కింద జాకెట్టంతా తడిసిపోయి ఉంది. మామా వచ్చి చెంచా అందించింది. అక్క పుచ్చుకోలేదు. "నేనూ ఉపవాసమే మామా, ఆరింటిదాకా ముట్టను" అంది అరబీలో. మామా చెంచా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మా మతంలోకి వచ్చేశావా అని అడిగింది. కాదు మామా, మాకూ ఉంది, ఏసుప్రభువు కోసం అంది అక్క. మామా మొహంలోకి పండగ వచ్చి వెళ్ళిపోయింది. అయినా అక్క భుజం మీద చెయ్యేసింది, అది నేను కిటికీలోంచి చూశాను.

మరి ఉప్పెవరు చూడాలి? డ్రైవర్ని పిలవండి.

నేను బయట కారు తుడుస్తున్నాను. చేతులు కడుక్కుని, చొక్కా తగిలించుకుని లోపలికెళ్ళేసరికి మామా, ఇద్దరు కూతుళ్ళు, గుమ్మంలో చక్రాల కుర్చీలో బాబా వాళ్ళమ్మ, అందరూ ఎండిపోయిన పెదాలతో నా నోటివంక చూస్తున్నారు. అలా చూస్తుంటే ముద్ద దిగుతుందా? దించాను. చప్పగా ఉందన్నాను. మామా కాస్త ఉప్పేసింది, అక్క తిప్పింది, మళ్ళీ చూశాను. ఇంకొంచెం అన్నాను. కుర్చీలో ముసలావిడ గట్టిగా ఏదో అంది, ఆడపిల్లలిద్దరూ పగలబడి నవ్వారు. ఏంటక్కా అన్నాను. "వీడెవడో సముద్రంలో పుట్టినట్టున్నాడు, వీడి నోటికి సరిపెడితే ఇల్లంతా బీపీ మాత్రలు మింగాలి అంటంది తమ్ముడూ" అంది అక్క. అంతర్వేది సముద్రం మా ఇంటికి ఎంతో దూరం లేదని ఆవిడకెలా తెలిసిందో మరి.

అదే హరీస్‌ని ఓ గిన్నెలో పెట్టి, పైన నెయ్యి పోసి, దాల్చినచెక్క పొడీ పంచదారా విడిగా పొట్లం కట్టి, మామా చెల్లెలింటికి ఇచ్చి రమ్మన్నారు. ఇఫ్తార్‌కి ముందు ఇలా చుట్టాలిళ్ళకీ ఇరుగుపొరుగుకీ గిన్నెలు వెళ్తాయి, వస్తాయి. చక్కటి ఆచారం. తిప్పేది మాత్రం డ్రైవర్లు. గిన్నె ముందు సీట్లో పెట్టి బెల్టు కట్టాను. దారిలో ఓ సిగ్నల్ దగ్గర ఆగిపోయాం, నేనూ గిన్నే. నా పక్కన కారులో ఒకాయన స్టీరింగ్ మీద తల ఆనించేశాడు. ఇంతలో కార్ల మధ్యలోంచి కుర్రాళ్ళు పరిగెడుతూ అద్దాల్లోంచి సంచులు పడేసుకుంటూ పోతున్నారు. నాలుగు ఖర్జూరాలు, నీళ్ళ సీసా, లబన్ అనే మజ్జిగ డబ్బా. నేను ముస్లింని కాదు బాబూ అన్నాను. అయితే ఏంటంట అన్నట్టు చెయ్యి ఊపి తర్వాతి కారుకి పోయాడు. రేడియోలో నాయిఫ్ ప్యాలెస్ ఫిరంగి పేలింది, అజాన్ వినపడింది, పక్కాయన నీళ్ళ సీసా ఎత్తాడు. నేనూ అప్పుడే తాగాను. వాళ్ళతోపాటు తాగాలనిపించింది, అంతే.

తిరిగొచ్చేసరికి లోపల అందరూ తింటున్నారు. నవ్వులు వినపడుతున్నాయి. అక్క ఇంకా పొయ్యి దగ్గరే ఉంది, లుకైమాత్‌లనే చిన్న తీపి ఉండలు నూనెలో వేస్తోంది. అవి వేడివేడిగా వెళ్ళాలి. తిన్నావా అంటే సింకు పక్కన పెట్టుకున్న సగం కొరికిన ఖర్జూరం చూపించింది.

రంజాన్‌లో ప్రశాంతత, ఆధ్యాత్మికత అని వెళ్ళొచ్చినవాళ్ళు రాస్తుంటే నాకు ఒళ్ళు మండేది ఇందుకే. ఇఫ్తార్ తర్వాత గిన్నెలు కడగడం, ఆ తర్వాత బాబా దీవానియాకి, అంటే మగవాళ్ళు కూర్చుని కబుర్లాడే గదికి, చాయ్, అర్ధరాత్రి చుట్టాలొస్తే గబ్గా భోజనాలు, తెల్లవారుజామున సహరి. వాళ్ళు నమాజు చేసి మధ్యాహ్నం దాకా పడుకుంటారు, పిల్లల బడి వేళకి అక్క లేవాలి. దుబాయ్‌లో ప్రైవేటు కంపెనీల్లో ఆ నెల రోజుకి రెండు గంటలు పని తగ్గిస్తారు, ఏ మతంవాళ్ళకైనా. కువైట్‌లో లేబర్ చట్టం వారానికి 36 గంటలే అంటుంది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు ఆ చట్టం కిందికి రారు. వాళ్ళకి 2015లో 68వ నంబరుతో వేరే చట్టం చేశారు: రోజుకి 12 గంటలు మించకూడదు, వారానికో సెలవు. రంజాన్‌లో ఆ పన్నెండు గంటలు ఎక్కడ మొదలై ఎక్కడ అవుతాయో లెక్కపెట్టే మనిషి ఆ ఇంట్లో ఎవరు? మా మామా చెడ్డది కాదు. పండక్కి అక్క చేతిలో ఈదియ్యా అని పండగ డబ్బులు పెట్టేది, ఒంట్లో బాగోకపోతే నన్నే ఇచ్చి ఆస్పత్రికి పంపేది. ఆ ఇల్లు మంచి ఇళ్ళలో లెక్క. మంచి ఇంట్లోనే ఇదీ పరిస్థితి.

శుక్రవారం కువైట్ సిటీలో మాలియా దగ్గరికెళ్ళి నిలబడండి, కడపవాళ్ళూ గోదారివాళ్ళే కనిపిస్తారు. కువైట్ రంజాన్ రుచిలో సగం మనవాళ్ళ చేతిదేనని నేను బల్లగుద్ది చెప్తాను. ఇక్కడేమో మనూళ్ళో కొత్త మేడ కడితే 'కువైట్ డబ్బులు' అని మూతి తిప్పుతారు. ఇంటి పనికి వెళ్ళే ఆడవాళ్ళకి 30 ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వం నియమం పెట్టింది. దాన్ని దాటించడానికి విజిట్ వీసా మీద విమానం ఎక్కించేసే ఏజెంట్లు ఊరికొకడున్నాడు. వాణ్ణి అడగరుగానీ, సెలవుకి వచ్చిన మనిషిని పట్టుకుని 'రంజాన్‌లో మీకూ తిండి పెట్టరటగా' అని అడుగుతారు. కార్తీక సోమవారం నక్షత్రం కనపడేదాకా పచ్చిగంగ ముట్టనివాళ్ళు కూడా అదే అడుగుతారు!

సరే, మీ ప్రయాణం. ఎవరైనా ఇఫ్తార్‌కి పిలిస్తే మొహమాటపడకుండా వెళ్ళండి, చేతులూపుకుంటూ వెళ్ళకండి. మన తాపేశ్వరం కాజాలు పట్టుకెళ్ళండి, వాళ్ళు ఇష్టంగా తింటారు. 'రంజాన్ కరీమ్' అంటే చాలు, ఇంకేం రాకపోయినా ఫర్వాలేదు. అబుదాబి వెళ్తే షేక్ జాయెద్ మసీదు దగ్గర వేలమందికి ఇఫ్తార్ పెడతారు, ముస్లిం కానివాళ్ళూ కూర్చోవచ్చు. ఆ మసీదుకి ఆడవాళ్ళు మణికట్ల దాకా, చీలమండల దాకా కప్పే బట్టలేసుకుని, తల కూడా కప్పుకోవాలి. తిరుగు ప్రయాణం ఈదుకి ముందు వారం పెట్టుకుంటే మాత్రం టికెట్ ధరకి కళ్ళు తిరుగుతాయి, అది ముందే చూసుకోండి. అక్కడ ఎవరింట్లోనైనా తిన్నప్పుడు వంటగదిలోకి ఒకసారి తొంగిచూసి తెలుగులో పలకరించండి. పలికే అవకాశం చాలా ఉంది.

అత్తగారి సంగతి. షుగరున్న మనిషిని ఏ మతమూ పస్తు పెట్టమనదు, రోగులకి ఉపవాసం నుంచి వాళ్ళలోనే మినహాయింపు ఉంది. మాత్ర వేళకి ఇంట్లో ఉండేలా చూసుకోండి. కువైట్‌లో బయట ఉన్నప్పుడు అవసరం పడితే మాల్‌లో ఆడవాళ్ళ వాష్‌రూమ్‌లోకి తీసుకెళ్ళి బిస్కెట్టూ నీళ్ళూ ఇవ్వండి. షుగరు పడిపోతే ఇవ్వడానికి సంచిలో ఎప్పుడూ గ్లూకోజ్ ఉంచండి. ఇఫ్తార్ దగ్గర మాత్రం ఆవిడ మీద ఓ కన్నేసి ఉంచాలి. విమ్టో అని ఎర్రటి పానకం ఒకటి ప్రతి బల్ల మీదా ఉంటుంది, లుకైమాత్‌లు పాకంలో తేలుతుంటాయి. ఆ రెండూ ఆవిడకి అందనంత దూరంలో కూర్చోబెట్టండి.