బాయిలో మోత, ఇంట్లో మాట

ప్రశ్న: మా ఆయన బొగ్గు బాయిలో డ్రిల్లర్, 14 ఏళ్ల సర్వీసు. ఈ మధ్య టీవీ సౌండ్ బాగా పెంచుతున్నాడు, పాప ఏదన్నా చెప్తే "ఏందీ, మళ్లీ చెప్పు" అంటాడు, పడుకుంటే చెవుల్లో గుయ్యిమంటోందంట. ఇయర్ ప్లగ్స్ ఇచ్చారు కానీ పెట్టుకుంటే రూఫ్ (బాయి పైకప్పు) కూలే ముందొచ్చే చప్పుడు వినపడదని జేబులోనే ఉంచుకుంటాడు. గోరువెచ్చని నూనె పోస్తే తగ్గుతుందా మేడమ్?
- ఒక సోదరి, పెద్దపల్లి జిల్లా

జవాబు: నూనె మాత్రం పోయొద్దమ్మా, అది లోపలి చెవి దాకా వెళ్లనే వెళ్లదు. మీరు చెప్పినవన్నీ మోత వల్ల వచ్చే చెవుడు లక్షణాల్లాగే ఉన్నాయి, టెస్ట్ చేస్తేగానీ ఖాయంగా చెప్పలేం. లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటాయి, ఏళ్ల తరబడి మోత పడితే అవి చచ్చిపోతాయి, మళ్లీ పుట్టవు. ముందు పోయేది 4000 హెర్ట్జ్ దగ్గరి సన్నని శబ్దాలు, అందుకే పాప గొంతు వినిపిస్తుంది కానీ ఏమందో అర్థం కాదు. పట్టించుకోవట్లేదని ఆయన్ని కోప్పడకండి.

8 గంటల షిఫ్టుకి మోత 85 డెసిబెల్స్ (శబ్దం కొలత) దాటితే చాలు, జాగ్రత్త పడాలి, గాలితో నడిచే జాక్‌హామర్ దగ్గర 100 పైనే ఉంటుంది. 3 డెసిబెల్స్ పెరిగితే చెవి మీద పడే దెబ్బ రెట్టింపని గుర్తుపెట్టుకోండి.

రూఫ్ గురించి ఆయన భయం నిజమే, ప్రాణాలకి సంబంధించింది కదా. కానీ డ్రిల్ నడుస్తున్నంతసేపు ఎలాగూ రూఫ్ చప్పుడు వినపడదు. మిషన్ ఆపాక ప్లగ్స్ తీసి, రాడ్‌తో రూఫ్ తట్టి చూసుకుని, మళ్లీ పెట్టుకున్నాకే స్టార్ట్ చెయ్యమనండి. మాటిమాటికీ తియ్యాలంటే హెల్మెట్‌కి తగిలించే ఇయర్ మఫ్స్ (చెవుల్ని పైనుంచి మూసే కప్పులు) నయం. మిషన్ నడుస్తుండగా తీస్తేనే నష్టం, 30 డెసిబెల్స్ ఆపే ప్లగ్ అయినా 8 గంటల మోతలో అరగంట తీసేస్తే మొత్తం మీద 12 ఆపినట్టే లెక్క.

పెట్టుకోవడం కూడా ఇంట్లోనే ఒకసారి నేర్పించండి. శుభ్రమైన చేతులతో ఫోమ్ ప్లగ్‌ని సన్నగా పుల్లలా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి పెట్టి అర నిమిషం వేలితో అదిమి పట్టుకోవాలి. తర్వాత మాట్లాడితే తన గొంతు తనకే కుండలోంచి వచ్చినట్టుంటే సరిగ్గా కూర్చున్నట్టు. బయటకి పొడుచుకొచ్చి ఉంటే పెట్టుకున్నా ఒకటే లేకున్నా ఒకటే, ఇక దూదైతే అసలు పనికిరాదు.

అయితే భారమంతా ఆయన మీదే వెయ్యడం నాకిష్టం లేదు, ప్లగ్ అనేది ఆఖరి మెట్టు. డ్రిల్‌కీ ఫ్యాన్‌కీ సైలెన్సర్లు పెట్టించడం, ఒకే మనిషిని రోజంతా డ్రిల్ మీద ఉంచకుండా మార్చడం మేనేజ్‌మెంట్ పని, పిట్ (గని) సేఫ్టీ కమిటీలో గట్టిగా అడగమనండి.

ఆడియోమెట్రీకి (వినికిడి టెస్ట్‌కి) ప్లే డే, అంటే వారపు సెలవు నాడు తీసుకెళ్లండి, మోతకి కనీసం 16 గంటలు దూరంగా ఉంటేనే రీడింగ్ సరిగ్గా వస్తుంది, నైట్ షిఫ్ట్ దిగి నేరుగా వెళ్లొద్దు. ఆ కాగితం జాగ్రత్తగా దాచండి, మోత వల్ల వచ్చే చెవుడు చట్టప్రకారం నష్టపరిహారం ఉన్న వృత్తి వ్యాధే (పని వల్ల వచ్చే జబ్బే). ఎప్పుడైనా ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోతే మాత్రం ప్లే డే దాకా ఆగకండి, ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.