మీ చీరల సైటు గూగుల్‌లో ఎందుకు రావట్లేదంటే

బరంపురం పట్టు చీరల సైటు పెట్టి నెలలు గడుస్తున్నా గూగుల్‌లో కనబడట్లేదని అడిగారు కదండీ, తెరిచి చూశాను. సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో చేరండి, ఉచితమే, మీ పేజీలను గూగుల్ అసలు తీసుకుందో లేదో, తీసుకోకపోతే ఎందుకో అదే చెబుతుంది.

అసలు తంటా రాతలో ఉంది. చీరల వివరాలన్నీ పోస్టర్ బొమ్మల్లో ఇరికించారు, మిగిలిన కాస్త తెలుగూ డీటీపీలో అను ఫాంట్‌తో కొట్టి అతికించింది, అది మన కంటికి తెలుగే గానీ గూగుల్‌కి మాత్రం అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు. గూగుల్ కూడా తెలుగుగానే గుర్తుపట్టే యూనికోడ్‌లోకి మార్చండి, కన్వర్టర్లు దొరుకుతాయి, కాకపోతే ఒత్తులు తప్పుతుంటాయి, ఒకసారి చదువుకోండి.

రకానికో పేజీ పెట్టి, ఫోడా కుంభ అంచు ఎలా ఉంటుంది, జోడ అంటే ఏమేం వస్తాయి, పట్టు ఎలా ఉతకాలి, ఇలా కొనేవాళ్లు మీకు ఫోన్ చేసి అడిగేవే రాయండి. ఇది ఫలానా ఊరి సరుకే అని చెప్పే జీఐ గుర్తింపు మీ చీరలకుంది కదా, ఆ సంగతి ఎక్కడా లేదేంటండీ!

టైటిల్‌లో ఊరి పేరు ఒక్కటే ఉంటే పశ్చిమ బెంగాల్ బహరంపూర్‌తో కలిసిపోతుంది. గంజాం, ఒడిశా అని చేర్చండి, బరంపురాన్నే బ్రహ్మపూర్ అని వెతికేవాళ్లూ ఉంటారు కాబట్టి పేజీలో అదీ ఉండాలి. పేజీ కోడ్‌లో ఉండే కీవర్డ్స్ ట్యాగ్‌లో అన్ని పదాలు కుక్కడం దండగ, ర్యాంకింగ్‌కి దాన్ని వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

షాపుకి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా పెట్టండి, మ్యాప్‌లో వస్తుంది. మొదటి పేజీ గ్యారంటీ అని డబ్బులడిగేవాళ్లకి మాత్రం రూపాయి ఇవ్వకండి.